ఉస్మానియా నుంచి ఎర్రమంజిల్ దాకా: హైదరాబాద్ పాత కట్టడాలకు కాపలా ఎలా పోయింది?

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరి మీద పడ్డప్పుడు సుమారు 150 మంది ఆ కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. వేలమంది కొట్టుకుపోయారు. అక్కడే ఉన్న పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రీ వరదపాలైంది.

ఇవాళ మనం పాత హైదరాబాద్ అనుకునే దానిలో చాలా భాగం ఆ వరద తర్వాత కట్టుకున్నదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. మూసీకి ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. రెండింటికీ నమూనా గీసింది బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్.

వీటిని కాపాడే చట్టం మాత్రం చాలాకాలం లేదు. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. 1960 నాటి రాష్ట్ర చట్టం ప్రభుత్వం రక్షిత కట్టడమని ప్రకటించిన వాటికే వర్తించేది. రోజూ జనం వచ్చిపోయే ఆసుపత్రులు, బజార్లు, నవాబుల దేవిడీలు (పెద్ద భవంతులు) ఈ రెండింటిలోనూ లేవు. భూముల ధరలు పెరిగేకొద్దీ దేవిడీలు ఒక్కొక్కటే కూలి, వాటి స్థలాల్లో కాంప్లెక్సులు లేచాయి.

ఈ లోటు పూడ్చడానికి 1995లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నియమాల్లో, పదమూడో నిబంధన చేరింది. వారసత్వ జాబితాకెక్కిన భవనాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ ముందుకు వెళ్లాల్సిందే. సుమారు 150 కట్టడాలకు అది కాపలా అయింది. లోపం కూడా ఉంది: ఇల్లు జాబితాలో చేరిన యజమానికి మరమ్మతు ఖర్చు ఇచ్చేవారు లేరు. కూల్చొద్దన్నారు గానీ, నిలబెట్టుకునే దారి చూపలేదు. చాలా దేవిడీలు పాడుబడ్డది ఇందుకే.

2015 జులైలో ఉస్మానియా పాత భవనాన్ని కూల్చి కొత్తది కడతామని ప్రభుత్వం ప్రకటించింది. నగరం అట్టుడికింది. గోడలు గట్టిగానే ఉన్నాయని, మరమ్మతు చేస్తే సరిపోతుందని సంరక్షణ నిపుణులు చెప్పారు. కూల్చివేత ఆగింది. కానీ ఆ డిసెంబరులోనే పదమూడో నిబంధనను రద్దు చేశారు. ఇరవై ఏళ్ల కాపలా ఒక్క ఉత్తర్వుతో పోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా ఆ ఖాళీ నిండలేదు.

ఆ ఖాళీ ఎంత ప్రమాదమో ఎర్రమంజిల్ దగ్గర తెలిసింది. 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఈ మహల్ ఎర్రమట్టి గుట్ట మీద ఉంది. ఫార్సీలో ‘ఇరమ్’ అంటే స్వర్గవనం. తెలుగువాళ్లకు అది ‘ఎర్ర’గానే వినిపించింది. రెండు భాషలూ ఒకే పేరులో ఒదిగిన చోటు ఈ నగరంలో ఇంకెక్కడుంది? 2019 జూన్‌లో దాన్ని తీసేసి అక్కడే కొత్త శాసనసభ కడతామని మంత్రిమండలి నిర్ణయించి, శంకుస్థాపన కూడా చేసింది. పౌరులు కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎర్రమంజిల్ బతికింది గానీ, కూల్చివేత మాట వచ్చిన ప్రతి భవనానికీ ఎవరో ఒకరు కోర్టుకు పరిగెత్తాలంటే కుదిరే పని కాదు.

ఉస్మానియాకు ఆ తర్వాత మరో దెబ్బ తగిలింది. 2020 జులై వానలకు నీళ్లు వార్డుల్లోకి వచ్చి, మంచాల కిందుగా పారాయి. ఆ నెలలోనే పాత భవనానికి తాళం పడింది. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. రోగులకు కొత్త వార్డులు కావాలి, ఆ పేరుతో పాత గోడలను బలిపెట్టక్కర్లేదు.

అయితే తాళం వేసిన భవనం వాడుకలో ఉన్నదానికంటే త్వరగా పాడవుతుంది. పై అంతస్తు పిట్టగోడ పగులులో ఓ రావిగింజ పడితే చాలు, రెండు వానాకాలాల్లో వేరు రాయిని కదిలిస్తుంది. ఆ పగులును సిమెంటుతో పూడిస్తే ఇంకా నష్టం. పాత గోడ డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టింది, లోపలి చెమ్మను సున్నం మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తే చెమ్మ లోపలే ఉండి గోడను తినేస్తుంది. సున్నం నానబెట్టి, గానుగలో రుబ్బి పని చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. కోఠీ రెసిడెన్సీ భవనం, మొజంజాహీ మార్కెట్ మళ్లీ కళ తెచ్చుకున్నాయంటే అలాంటి పనితనం వల్లే.

కాబట్టి ఉస్మానియా కోసం ఇప్పుడు అడగాల్సినవి చిన్న పనులే: కప్పు మీది మొక్కలు వేళ్లతో సహా తీయించడం, వాననీటి గొట్టాలు శుభ్రం చేయించడం, కురుస్తున్న చోట సున్నంతో పూడ్పించడం. ఇవి ఏటా మృగశిర కార్తెకు ముందే అయిపోవాలి.