సగం లోపల, సగం బయట: కండోమినియంలో ఏసీ వివాదాల వెనుక చరిత్ర

కండోమినియంలో, అంటే ఎవరి ఫ్లాటు వారిదిగా, భవనం మాత్రం అందరిదిగా ఉండే చోట, సొంత పడకగదిలో ఏసీ పెట్టించుకోవడానికి యజమానుల సంఘం అనుమతి ఎందుకన్న ప్రశ్న వినడానికి చిన్నదే. ఇల్లు వారిది, యంత్రం వారిది, కరెంటు బిల్లు కట్టేదీ వారే. అయినా సర్వసభ్య సమావేశాల్లో గంటల తరబడి సాగే వాదులాటలకు, సంఘాలు పంపే నోటీసులకు, అక్కడక్కడ ఏళ్ల తరబడి నడిచే కోర్టు కేసులకు ఈ యంత్రమే కారణమవుతోంది. ఇరుగుపొరుగు మధ్య పొసగకపోవడమనో, కార్యవర్గం పెత్తనమనో ఈ గొడవలను కొట్టిపారేయడం పరిపాటి. కొంత నిజం అందులోనూ ఉండవచ్చు గాని, అసలు చిక్కు రెండు విభజనల దగ్గర మొదలైంది. ఫ్లాటుకూ భవనానికీ మధ్య చట్టం గీసిన హద్దు ఒకటి. ఏసీని తయారీదారులు రెండు ముక్కలు చేసిన తీరు రెండోది. ఇంచుమించు ఒకే దశాబ్దంలో, ఒకదాని ఊసు మరొకదానికి లేకుండా, రెండూ ప్రపంచంలో స్థిరపడ్డాయి.

ఒకే భవనంలో అంతస్తుకొక యజమాని ఉండటం పాత ఏర్పాటే. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్‌లోని 664వ అధికరణం దానికి కొన్ని వాక్యాల్లోనే పరిష్కారం చెప్పింది. ప్రధాన గోడలూ పైకప్పూ అందరి బాధ్యత, ఖర్చును ఎవరి అంతస్తు విలువను బట్టి వారు భరించాలి. ఎవరు నడిచే నేలను వారే వేయించుకోవాలి. మొదటి అంతస్తు యజమాని తన గుమ్మం దాకా మెట్లు కట్టిస్తే, అక్కడి నుంచి పైకి రెండో అంతస్తు యజమాని కట్టించాలి. నీటి గొట్టాలు, లిఫ్టులు, కరెంటు తీగలు లేని రోజుల్లో ఆ మాత్రం సరిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో నగరాలు నిలువుగా పెరగడం మొదలయ్యాక బెల్జియం 1924లో, ఫ్రాన్స్ 1938లో ప్రత్యేక చట్టాలు చేశాయి. ఇటలీ తన 1942 సివిల్ కోడ్‌లో ఉమ్మడి భాగాలేమిటో 1117వ అధికరణంలో జాబితా రాసింది. జర్మనీ చట్టం 1951లో వచ్చింది. అమెరికా పరిధిలో ప్యూర్టో రికో 1958లో, యూటా రాష్ట్రం 1960లో చట్టాలు తెచ్చాయి. 1961లో ఫెడరల్ ప్రభుత్వం కండోమినియం ఫ్లాట్ల తనఖా రుణాలకు బీమా కల్పించడంతో కొద్ది ఏళ్లలోనే మిగతా రాష్ట్రాలన్నీ అదే దారి పట్టాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు స్ట్రాటా చట్టం (అక్కడ కండోమినియం పద్ధతికి పేరు స్ట్రాటా) కూడా 1961 నాటిదే. సింగపూర్ 1967లో, భారతదేశంలో మహారాష్ట్ర 1970లో ఆ వరుసలో చేరాయి.

ఈ చట్టాలన్నిటికీ ఎదురైన చిక్కు ఒకటే: నా ఫ్లాటు ఎక్కడ ముగుస్తుంది? న్యూ సౌత్ వేల్స్ 1961లో గోడ మందంలో నడిమి భాగాన్ని హద్దుగా తీసుకుంది. 1973లో వచ్చిన కొత్త చట్టం ఆ హద్దును గోడ లోపలి ఉపరితలానికి జరిపింది. చాలా చోట్ల చివరికి స్థిరపడిన అవగాహనా దాదాపు అదే. గోడకు వేసిన రంగు, లోపలి పూత యజమానివి; వాటి వెనుక ఉన్న కాంక్రీటు, ఇటుక, బయటి ముఖం అందరివి. గోడకు మేకు కొట్టుకోవచ్చు గాని గోడను చీల్చుకుని అవతలికి పోకూడదని దాని తాత్పర్యం. నిర్మాణం భద్రంగా ఉండాలన్నా, భవనం ఒకే రూపంతో కనిపించాలన్నా ఇంతకన్నా తేలికైన నియమం దొరకదు. ఆ గీత గీసిన కాలంలో ఇళ్లలో ఉన్న ఏసీ దాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు కూడా.

ఆ యంత్రం అసలు ఇళ్ల కోసం పుట్టిందే కాదు. 1902లో అమెరికా ఇంజినీరు విల్లిస్ కారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం రూపొందించిన ఏర్పాటు ఉద్దేశం గాలిలో తేమను అదుపులో పెట్టడం. తేమకు కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. 1914లో మినియాపొలిస్‌లోని ఒక భవంతిలో పెట్టిన తొలి గృహ యంత్రం ఏడడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు ఉండేది. అప్పట్లో శీతలీకరణకు వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు గదిలోకి కారితే ప్రాణాలకే ముప్పు. 1930లో అమెరికా శాస్త్రవేత్త థామస్ మిడ్‌గ్లీ బృందం విషం కాని, అంటుకోని ఫ్రియాన్ వాయువును ప్రకటించాక గాని యంత్రం మంచం పక్కకు చేరే వీలు కలగలేదు. అదే వాయువు ఓజోన్ పొరకు చిల్లులు పెడుతోందని తెలియడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

కిటికీలో కూర్చునే ఏసీ రెండో ప్రపంచ యుద్ధానంతరం సామాన్యులకు అందింది. 1947లో అమెరికాలో 43,000 అమ్ముడైన ఈ పెట్టెలు 1953 నాటికి ఏడాదికి పది లక్షలు దాటాయి. చట్టపరంగా చూస్తే ఇది మర్యాద గల యంత్రం. గోడను తొలవదు, ఉన్న కిటికీలోనే సర్దుకుంటుంది, తీసేస్తే గుర్తులుండవు. వీధిలోకి పొడుచుకొచ్చిన వీపు చూడటానికి వికారమే, అది జారి పడితే ప్రమాదమే; కానీ అది కుర్చీ లాంటి చరాస్తి, దాని యజమాని ఎవరన్నదానిపై సందేహం ఉండదు. ఆ రోజుల్లో కట్టిన పెద్ద భవనాల్లో కొన్ని కిటికీ కిందనే గోడలో లోహపు చట్రాలు అమర్చి ఏసీకి ముందే చోటు చూపాయి. మరికొన్ని నేలమాళిగలోనో డాబా మీదనో నీటిని చల్లబరిచే పెద్ద యంత్రం (చిల్లర్) పెట్టి, గొట్టాల ద్వారా చల్లని నీటిని ప్రతి ఫ్లాటుకూ పంపాయి.

ఈ ఉమ్మడి చల్లనీటి పద్ధతికి దాని గొడవలు దానికున్నాయి. ఖర్చు తగ్గించడానికి చాలా భవనాల్లో రెండే గొట్టాలు వేశారు: ఒకటి వెళ్లడానికి, ఒకటి తిరిగి రావడానికి. చలికాలంలో వాటిలోనే వేడినీరు, ఎండాకాలంలో చల్లనీరు పారుతుంది. రెండూ ఒకేసారి కుదరవు గనుక ఏటా వసంతంలో ఒక రోజు మొత్తం భవనం వేడి నుంచి చల్లదనానికి మారాలి. ఎండ సూటిగా పడే ఫ్లాట్లవారు త్వరగా మార్చమంటారు, నీడవైపు ఫ్లాట్లవారు ఇంకా వణుకుతూనే ఉంటారు. ఆ తేదీ ఏదో తేల్చలేక కార్యవర్గాలు పడే అవస్థ చూస్తే, తర్వాత కాలంలో ఎవరి యంత్రం వారికే ఉండాలన్న కోరిక అంత బలంగా ఎందుకు పాకిందో అర్థమవుతుంది.

ఆ కోరిక తీర్చిన స్ప్లిట్ ఏసీ జపాన్ నుంచి వచ్చింది. తోషిబా అక్కడి తొలి స్ప్లిట్ ఏసీని 1961లో తెచ్చింది. మిత్సుబిషి ఎలక్ట్రిక్ 1968లో సన్నగా, పొడవుగా గోడకు వేలాడే ఇండోర్ యూనిట్‌ను విడుదల చేసింది. శబ్దం చేసే కంప్రెసర్‌ను బయటికి పంపేసి, గదిలో చల్లని గాలి విసిరే భాగాన్ని మాత్రమే ఉంచడం ఇంజినీరింగ్ పరంగా తెలివైన పని. పడకగది నిశ్శబ్దమైంది, కిటికీ మళ్లీ కిటికీ అయింది. 1981లో తోషిబాయే ఇళ్లకు ఇన్వర్టర్ ఏసీని తెచ్చాక కరెంటు వాడకమూ తగ్గింది. అయితే కండోమినియం చట్టాలు వరుసగా వస్తున్న ఆ దశాబ్దంలోనే, చట్టం ఎక్కడ గీత గీసిందో సరిగ్గా అక్కడే యంత్రం రెండుగా విడిపోయింది. ఇండోర్ యూనిట్ నా హద్దులో, అవుట్‌డోర్ యూనిట్ అందరి గోడ మీద, రెండింటినీ కలిపే రాగి గొట్టాలు ఆ ఉమ్మడి గోడ గుండా.

బిగించే రోజున జరిగే పనిని దగ్గర నుంచి చూస్తే ఈ విభజన ఎంత లోతుకు వెళ్తుందో తెలుస్తుంది. డ్రిల్లుతో గోడలో ఆరేడు సెంటీమీటర్ల రంధ్రం చేస్తారు. నీరు లోపలికి రాకుండా అది బయటివైపు కాస్త వాలుగా ఉండాలి. రెండు రాగి గొట్టాలు, కరెంటు తీగ, డ్రెయిన్ పైపు ఒకే కట్టగా అందులోంచి వెళ్తాయి. ఆ చోట గోడ లోపల ఇనుప కడ్డీ ఉందా, బిగుతుగా లాగి ఉంచిన ఉక్కు తీగలున్నాయా అన్నది కొలిచి చూడకుండా తొలిస్తే నష్టం ఒక్క ఫ్లాటుతో ఆగదు. రంధ్రం చుట్టూ సరిగా మూయకపోతే వాననీరు ఇన్సులేషన్‌లోకి దిగి, కింది ఫ్లాటు గోడ మీద మరకగా తేలుతుంది. తేమ ఎక్కువైన వాతావరణంలో ఒక్కో ఏసీ గంటకు లీటరుకు పైగా నీరు వదులుతుంది. డ్రెయిన్ పైపును గాలికి వదిలేస్తే ఆ నీరంతా కింది బాల్కనీ మీదే. దట్టంగా భవనాలున్న హాంకాంగ్‌లో ఏసీల నుంచి కారే నీరు ఏటా ఫిర్యాదులు తెచ్చిపెట్టే ప్రజారోగ్య సమస్య. గోడకు బిగించిన బ్రాకెట్లు తుప్పు పట్టి, యంత్రాలు ఊడిపడే ముప్పు ఏర్పడ్డాక వాటిని ఎవరు బిగించాలి, ఏ లోహం వాడాలి అన్నవాటికీ సింగపూర్ వంటి చోట్ల నిబంధనలు వచ్చాయి.

వేడి సంగతి కంటికి కనపడదు గనుక దాని గురించి ఆలోచించేవారు తక్కువ. ఒక టన్ను ఏసీ గదిలోంచి సుమారు మూడున్నర కిలోవాట్ల వేడిని లాగుతుంది. తాను వాడే దాదాపు ఒక కిలోవాటు కరెంటును కూడా కలిపి అంతా బయటికి వదులుతుంది. ముందు గోడ అందం చెడకూడదని సంఘాలు అవుట్‌డోర్ యూనిట్లన్నిటినీ భవనం మధ్యలో గాలీ వెలుతురూ కోసం వదిలిన ఇరుకు ఖాళీలో పెట్టించడం చాలాచోట్ల ఉంది. కింది అంతస్తుల యంత్రాలు వదిలిన వేడిగాలి పైకి లేచి, పై అంతస్తుల యంత్రాలు పీల్చుకునే గాలి అవుతుంది. అసలు ఎండలు ముదిరిన మధ్యాహ్నం, ఏసీ తప్పనిసరైన వేళకు, పైవారి యంత్రాలు ఒత్తిడి పెరిగి ఆగిపోతాయి. అందం కోసం చేసిన తీర్మానం ఇలా పైవారికి శిక్ష కావడం తీర్మానం చేసినవారెవరూ ఊహించనిది.

కరెంటు సామర్థ్యం ఇంకో ఉమ్మడి ఆస్తి. దీపాలకూ ఫ్రిజ్‌కూ లెక్కగట్టి వేసిన ప్రధాన కేబుల్ మీద వంద ఫ్లాట్లవారు ఇంటికి రెండు ఏసీలు ఒకేసారి నడిపితే అదనంగా రెండు వందల కిలోవాట్లు పడతాయి. కేబుల్‌కు ఉన్న మిగులును ముందు పెట్టినవారు వాడేసుకుంటారు. చివర వచ్చినవారికి అనుమతి నిరాకరించాలి, లేదా కొత్త కేబుల్ ఖర్చును అందరూ మోయాలి. వ్యక్తిగత సౌకర్యంలా కనిపించేది క్యూలో ముందున్నవారి హక్కుగా మారే సందర్భం ఇదే. నా దృష్టిలో అందం గురించిన పోట్లాటల కన్నా న్యాయమైన ఫిర్యాదు కూడా ఇదే.

చట్టాలు ఈ చీలికను పూడ్చడానికి వేర్వేరు దారులు తొక్కాయి. ఫ్రాన్స్ 1965 చట్టంలోని 25వ అధికరణం, ఉమ్మడి భాగాలనో భవనం బయటి రూపాన్నో మార్చే పనికి హాజరైనవారి మెజారిటీ చాలదని, యజమానులందరి ఓట్లలో మెజారిటీ కావాలని చెప్పింది. సమావేశానికి రానివారంతా ఆ లెక్కన వ్యతిరేక ఓటు వేసినట్టే. ఇటలీ దీనికి భిన్నంగా ఆలోచించింది: ఉమ్మడి వస్తువును దాని ప్రయోజనం చెడకుండా, ఇతరుల సమాన వాడకానికి అడ్డుపడకుండా ఎవరైనా వాడుకోవచ్చని 1102వ అధికరణం అంటుంది గనుక, గోడ మీద యంత్రం పెట్టడం మూలంలో హక్కే, దానికి కళ్లెం వేసేది భవనం నిర్మాణ శోభ చెడకూడదన్న షరతు. శోభ అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు కాబట్టి ఆ భారం న్యాయమూర్తుల మీద పడింది. జర్మనీలో ఇబ్బంది పడే ప్రతి యజమానీ ఒప్పుకోవాల్సిన పాత పద్ధతిని 2020 సవరణ మార్చి, నిర్మాణ మార్పులకు సాధారణ మెజారిటీ చాలన్నది.

అమెరికాలో రూపొందిన ఏకరూప కండోమినియం చట్ట నమూనా ఈ చిక్కుకు చాలా దగ్గరగా వచ్చింది. ఒక గొట్టమో తీగో డక్టో కొంత ఫ్లాటులోపల, కొంత బయట ఉండి, బయటి భాగం ఆ ఒక్క ఫ్లాటుకే పనికొస్తుంటే, దాన్ని ఆ ఫ్లాటుకే కేటాయించిన పరిమిత ఉమ్మడి భాగంగా లెక్కించాలని ఆ నమూనా చెబుతుంది. యాజమాన్యం అందరిదీ, వాడకం ఒక్కరిదీ అన్న ఈ మధ్యేమార్గం అవుట్‌డోర్ యూనిట్‌కు బాగా అమరుతుంది. కోర్టులు మాత్రం కార్యవర్గాల వైపే మొగ్గాయి. 1990లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు ముందుకు వచ్చిన ఒక సహకార గృహ భవనం కేసులో వివాదం ఏసీ గురించి కాదు, వంటగదిని మార్చే పనిలో యజమాని జరపాలనుకున్న ఆవిరి గొట్టం గురించి. కార్యవర్గం తన పరిధిలో, సద్బుద్ధితో, భవనం మేలు కోసం నిర్ణయిస్తే కోర్టు తన తెలివిని దాని స్థానంలో పెట్టదని ఆ తీర్పు చెప్పింది. ఆ తర్వాత సంఘాలు కాదన్నప్పుడు యజమానులకు మిగిలిన దారి ఇరుకైంది.

ఆ దారిని మళ్లీ వెడల్పు చేసింది ఎండలే. 2003 ఆగస్టు వడగాడ్పుల్లో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయారు. 2021 జూన్ చివర్లో కెనడా పశ్చిమ భాగాన లిటన్ గ్రామంలో 49.6 డిగ్రీలు నమోదైనప్పుడు ఒక్క బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోనే 619 మంది వేడికి బలయ్యారు. వారిలో దాదాపు అందరూ ప్రాణాలు వదిలింది ఇళ్లలోపలే, ఎక్కువమంది వృద్ధులు. అంతవరకూ బయటి రూపం, శబ్దం అనే రెండు కారణాలతో వద్దనగలిగిన సంఘాలకు, ఎదుటివారు ప్రాణరక్షణ అనే మూడో మాట చెప్పినప్పుడు పాత జవాబు సరిపోలేదు. పొరుగు దేశం అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2022లో, విడిగా పెట్టుకునే చిన్న శీతల యంత్రాలను ఇల్లు అద్దెకిచ్చే యజమానులూ సంఘాలూ అడ్డుకునే అధికారాన్ని చట్టం చేసి కుదించింది. గోడను తాకని యంత్రాలకే ఆ చట్టం ప్రధానంగా రక్షణ ఇచ్చిందన్నది గమనించాలి. స్ప్లిట్ ఏసీ విషయంలో హద్దు గీత ఉన్నచోటే ఉంది.

కొత్త భవనాల్లో ఇప్పుడు నిర్మాణ దశలోనే అవుట్‌డోర్ యూనిట్‌కు విడిగా అరుగు, డ్రెయిన్‌కు ఉమ్మడి గొట్టం, రాగి గొట్టాలకు దారి వదులుతున్నారు. తగాదాల్లో సగం దానితోనే తీరుతాయి. మిగతా సగం యంత్రం పాతబడ్డాక మొదలవుతుంది. ఓజోన్ పొరను కాపాడేందుకు కుదిరిన 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, ఏసీల్లో చల్లదనానికి వాడే ఆర్-22 వాయువును సంపన్న దేశాలు 2020 నాటికి వదిలేశాయి, మిగతావి 2030 నాటికి వదలాలి. 2016 కిగాలి సవరణ దాని తర్వాత వచ్చిన వాయువులనూ తగ్గించమంటోంది. ఇప్పుడు వ్యాప్తిలో ఉన్న ఆర్-32 కొద్దిగా అంటుకునే స్వభావం గలది. కాబట్టి పాతది తీసి కొత్తది పెట్టడం పెట్టెకు పెట్టె మార్చినంత సులువు కాదు. గోడలోని గొట్టాలు కొత్త ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు, పొదుపు కోసం పెద్దదైన అవుట్‌డోర్ యూనిట్ పాత అరుగు మీద పట్టకపోవచ్చు. పన్నెండు, పదిహేనేళ్ల కిందట సంఘం ఇచ్చిన అనుమతి ఆ యంత్రానికా, ఆ ఫ్లాటుకా అన్నది చాలా బైలాస్‌లో రాసి లేదు. ఈలోపు ఫ్లాటు చేతులు మారి ఉంటే, కొన్నవారి దగ్గర ఆ అనుమతి కాగితమూ ఉండదు.