గన్ కంటే ముందు గాలి చూడండి

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఐటీఐ పూర్తిచేసి ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు పెట్టుకుంటున్నందుకు చాలా సంతోషం. మొదటి స్ప్రే గన్ ఏది కొనమంటావు పెదనాన్నా అని అడిగారు. మీరు పంపిన ఫొటోల్లో మూడు గన్‌లు, వాటి ధరలు ఉన్నాయి. కంప్రెసర్ ఫొటో మాత్రం లేదు. నాకు కావాల్సింది అదే. మీ దగ్గరున్న గాలి ఎంతో తెలియకుండా ఏ గన్ మంచిదో ఎవరూ చెప్పలేరు.

గన్ పెట్టె మీద రెండు అంకెలు చూడండి. పీఎస్ఐ అంటే గాలి ఎంత ఒత్తిడితో తోస్తోందన్నది. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలన్నది. కొనేవాళ్లంతా పీఎస్ఐ దగ్గరే ఆగిపోతారు, గన్‌కి ఆకలి మాత్రం సీఎఫ్ఎంతో. కంప్రెసర్ ప్లేటు మీద రాసేది చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే లెక్క ప్రకారం పీల్చే గాలి. పైపులోంచి నిజంగా వచ్చేది అందులో మూడింట రెండు వంతులో, నాలుగింట మూడు వంతులో ఉంటుంది. ప్లేటు మీద 10 ఉంటే చేతికి 7 వస్తుందనుకోండి. ప్లేటు అరిగిపోయి చదవలేకపోతే, బాగున్న కంప్రెసర్ హార్స్‌పవర్‌కి 3 నుంచి 4 సీఎఫ్ఎం ఇస్తుందన్న లెక్క పట్టుకోండి.

ఒక ఉదాహరణ చూడండి. 150 లీటర్ల ట్యాంకు 120 పీఎస్ఐ దాకా నిండింది. గన్ 12 సీఎఫ్ఎం తాగుతుంది, కంప్రెసర్ 7 ఇస్తోంది. నిమిషానికి 5 లోటు. ట్యాంకు 120 నుంచి 60కి దిగేలోపు అందులోంచి వచ్చే గాలి దాదాపు 21 ఘనపుటడుగులు. అంటే నాలుగు నిమిషాలు దాటగానే ఒత్తిడి చాలక మీ చేతిలో గన్ నీరసిస్తుంది. బానెట్ ఒక్కటే అయితే ఈ లోపు గట్టెక్కుతారు. కారు మొత్తానికి క్లియర్, అంటే రంగు మీద వేసే మెరుపు పూత, కొడుతుంటే ముందు డోర్ అద్దంలా, వెనక డోర్ నారింజ తొక్కలా వస్తుంది. అప్పుడు చాలామంది క్లియర్‌ని తిడతారు, థిన్నర్ పెంచుతారు, అది కారిపోతుంది. తప్పు ట్యాంకుది.

గన్‌లు గాలి వాడే తీరునుబట్టి మూడు రకాలు. పాత కన్వెన్షనల్ గన్ 45, 50 పీఎస్ఐతో రంగుని బలంగా చిమ్ముతుంది. నునుపు బాగానే వస్తుంది గానీ, రంగులో మూడో వంతు మాత్రమే ప్యానెల్ మీద నిలుస్తుంది, మిగతాది పొగమంచులా లేచి పక్క కారు మీదా మీ ఊపిరితిత్తుల్లోనూ పడుతుంది. రెండోది హెచ్‌వీఎల్‌పీ. ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి అని దాని అర్థం. గన్ మూతి మీది ఎయిర్ క్యాప్ దగ్గర ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ నిబంధనలు, చిమ్మిన రంగులో కనీసం 65 శాతం ప్యానెల్‌కి చేరాలని పట్టుబట్టాక ఈ గన్‌లు బాగా వాడుకలోకి వచ్చాయి. లీటరు క్లియర్‌లో 330 మిల్లీలీటర్లు నిలవడానికీ 650 నిలవడానికీ తేడా ఎంతో మీరే డబ్బుల్లో వేసుకోండి. కానీ దీనికి 10 నుంచి 15 సీఎఫ్ఎం కావాలి. మూడోది ఆర్‌పీ, అంటే ఒత్తిడి తగ్గించిన రకం. కన్వెన్షనల్‌లా చురుగ్గా కొడుతుంది, రంగు ఆదా హెచ్‌వీఎల్‌పీకి దగ్గరగా ఉంటుంది, 8 నుంచి 10 సీఎఫ్ఎంతో సరిపెట్టుకుంటుంది. 3 హార్స్‌పవర్ కంప్రెసర్‌తో మొదలుపెట్టే షెడ్డుకి నేనైతే ఈ మూడోదే చెబుతాను. అంతకన్నా చిన్న కంప్రెసర్ అయితే ఎల్‌వీఎల్‌పీ అని తక్కువ గాలితో నడిచేవి ఉన్నాయి. వాటి ఫ్యాన్, అంటే తుంపర విచ్చుకునే వెడల్పు, చిన్నది, చెయ్యి నెమ్మదిగా నడపాలి. డోర్లు, బంపర్లకి సరిపోతాయి, పూర్తి కారుకి వద్దు.

రంగు పోసే కప్పు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పైన కప్పున్న గ్రావిటీ గన్నే తీసుకోండి. రంగు తన బరువుతో తనే దిగుతుంది, చివరి 20 మిల్లీలీటర్లూ పనికొస్తాయి. కింద కప్పున్న సక్షన్ గన్ రంగుని పైకి లాగడానికే కొంత గాలి ఖర్చుపెడుతుంది, అడుగున రంగు మిగిలిపోతుంది.

ఇక నాజిల్. ఇక్కడే ఎక్కువ డబ్బు పాడవుతుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి. నాజిల్ మీద 1.3, 1.4, 1.7 అని రాసి ఉండేది రంధ్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. రంగునిచ్చే బేస్ కోటుకి 1.3, క్లియర్‌కి 1.3 లేదా 1.4, రంగు కింద కొట్టే ప్రైమర్ సర్ఫేసర్‌కి 1.6 నుంచి 1.8, లప్పంలా చిక్కగా ఉండే పాలిస్టర్ స్ప్రే ఫిల్లర్‌కి 2.0 పైమాట. ఒక్క 1.7 కొని దానితోనే అన్నీ కొట్టేద్దామనుకుంటే సిల్వర్ కారు దగ్గర దొరికిపోతారు. మెటాలిక్‌లో ఉండే అల్యూమినియం రేకులు ఒకే తీరున పడుకోవాలంటే రంగు సన్నటి తుంపరగా, పలచగా పడాలి. పెద్ద నాజిల్‌తో తడి ఎక్కువైతే ఆ రేకులు ఈదుకుంటూ పోయి గుంపులు కడతాయి, ఆరాక డోర్ మీద మబ్బుల్లా మచ్చలు తేలతాయి. క్లియర్ కొట్టాక అవి ఇంకా బాగా కనిపిస్తాయి. తిరగేసి చేస్తే ఇంకో బాధ. 1.3తో ప్రైమర్ కొడితే దాని చిక్కదనానికి రంధ్రం చాలక థిన్నర్ పోస్తారు, దాంతో పొర మందం రాదు, ఎమరీ పేపర్ పడగానే లప్పం అంచు మళ్లీ బయటపడుతుంది.

అందుకే మొదట రెండు గన్‌లు కొనండి. డబ్బంతా రంగు గన్ మీద పెట్టండి, 1.3 నాజిల్‌తో. ప్రైమర్‌కి మధ్యరకం 1.7 చాలు, ఎలాగూ దాన్ని పేపర్‌తో రుద్దేస్తారు కదా. రెండింటి పని కలపొద్దు. ప్రైమర్ పొడి లోపలి దారుల్లో దాక్కుని క్లియర్‌లో గింజలుగా వస్తుంది. గీతలు, చిన్న మరకలు సరిచేసే పని పెరిగితే అప్పుడు 125 మిల్లీలీటర్ల కప్పున్న మినీ గన్, 0.8 లేదా 1.0 నాజిల్‌తో, తీసుకోండి.

బ్రాండ్ అడిగారు. జర్మనీ సాటా, జపాన్ అనెస్ట్ ఇవాటా, అమెరికా డెవిల్బిస్ దశాబ్దాలుగా నిలబడ్డ పేర్లు. తాహతు ఉంటే కొనండి, కానీ నకళ్లు చాలా తిరుగుతున్నాయి. ఎఫ్-75, డబ్ల్యూ-71 లాంటి మోడల్ నంబర్లు ఎవరెవరో తయారుచేసిన వాటి మీద కూడా కనిపిస్తాయి. నంబర్ చూసి నమ్మొద్దు. ఆ గన్‌కి నాజిల్, దాన్ని మూసే నీడిల్, ఎయిర్ క్యాప్ మూడూ సెట్టుగా, గ్యాస్కెట్, ప్యాకింగ్ విడిగా ఇక్కడ దొరుకుతాయా అని ముందు అడగండి. దొరకని గన్ ఎంత గొప్పదైనా, వాషర్ పోయిన రోజున మూల కూర్చుంటుంది.

కొనేటప్పుడు దుకాణంలోనే చూడాల్సినవి ఉన్నాయి. నీడిల్ బయటికి తీసి వెలుగులో తిప్పుతూ చూడండి. మొన చుట్టూ గాడి గానీ, వంపు గానీ ఉండకూడదు. నాజిల్ రంధ్రాన్ని ముందు నుంచి చూస్తే ఎయిర్ క్యాప్ మధ్య రంధ్రంలో సరిగ్గా నడిమికి రావాలి. చుట్టూ కనిపించే సన్నటి సందు ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా ఉంటే ఆ గన్ జీవితాంతం వంకరగానే కొడుతుంది. తర్వాత కప్పులో వంద మిల్లీలీటర్ల థిన్నర్ పోసి, గాలి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. కప్పులో బుడగలు లేస్తే నాజిల్ కూర్చునే చోట గాలి దూరుతోందన్నమాట. నాజిల్ బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ లేస్తే తిరిగి ఇచ్చేయండి. ట్రిగ్గర్ వదిలాక నాజిల్ మొనన చుక్క ఊరకూడదు. ఊరితే నీడిల్ సరిగా కూర్చోవడం లేదని అర్థం.

షెడ్డుకి తెచ్చాక కాగితం పరీక్ష చెయ్యండి. గోడకి పేపర్ అంటించి, జానెడుకన్నా కొంచెం తక్కువ దూరంలో, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లలో నిలబెట్టి ఒక్క క్షణం నొక్కి వదలండి. పొడుగ్గా, రెండు చివర్లా ఒకేలా సన్నగిల్లే కోలాకారం రావాలి. మధ్యలో ఒత్తుగా ఉండి చివర్లు తేలిపోతే ఒత్తిడి చాల్లేదు, లేదా రంగు చిక్కగా ఉంది. చివర్లు ఒత్తుగా, నడుము సన్నగా వస్తే ఒత్తిడి ఎక్కువైంది, లేదా రంగు పలచనైంది. అరటిపండులా వంగి వస్తే ఎయిర్ క్యాప్ కొమ్ముల్లో ఒక రంధ్రం మూసుకుపోయింది. అప్పుడు క్యాప్‌ని సగం తిప్పి మళ్లీ కొట్టండి. వంపు రెండోవైపుకి మారితే తప్పు క్యాప్‌లో ఉంది, మారకపోతే నాజిల్‌లో ఉంది. ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. క్యాప్‌ని పావు తిప్పు తిప్పితే ఫ్యాన్ అడ్డంగా వస్తుంది. పేపర్ మీద రంగు కారేదాకా నొక్కి పట్టండి. కారిన ధారలన్నీ కొంచెం అటూ ఇటూగా ఒకే పొడవుంటే గన్ రంగుని సమానంగా పంచుతోందని నమ్మొచ్చు.

ఇప్పుడు మన ఊరి గాలి గురించి. సముద్రం పక్కన ఉన్నాం, ఏడాదిలో చాలా నెలలు ఉక్కే. ఆ తేమనంతా కంప్రెసర్ పీల్చి, నొక్కి, ట్యాంకులో నీళ్లుగా వదులుతుంది. మిగిలింది పైపులో చల్లబడి గన్ దాకా వస్తుంది. క్లియర్‌లో ఒక్క నీటిచుక్క పడితే చాలు, పొక్కు. కంప్రెసర్ నూనె కలిస్తే చేపకళ్లు, అంటే రంగు పక్కకి జరిగిపోయి అడుగు కనిపించే చిన్న గుంటలు. కాబట్టి గన్ ధరలో కొంత తగ్గించుకునైనా గాలి లైనుకి ఖర్చుపెట్టండి. వాటర్ సెపరేటర్‌ని కంప్రెసర్‌కి ఆనించి పెట్టొద్దు, అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది, నీరు ఆవిరిగానే దాటిపోతుంది. కనీసం 25 అడుగుల పైపు నడిచాక పెట్టండి. పైపుని కంప్రెసర్ వైపు కాస్త వాలుగా వేయించి, గన్‌కి వెళ్లే లైనుని పైపు పై భాగం నుంచి తీయించండి, నీళ్లు కిందనే ఉండిపోతాయి. ట్యాంకు అడుగు వాల్వ్ రోజూ పొద్దున, సాయంత్రం విప్పండి. వానాకాలంలో మధ్యాహ్నం కూడా.

గాలి పైపు లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లుంటే, పది మీటర్ల పొడవులో ట్రిగ్గర్ నొక్కగానే పది, పదిహేను పీఎస్ఐ జారిపోవచ్చు. 10 మిల్లీమీటర్ల పైపు వాడండి, కప్లింగులు కూడా వెడల్పువే. రెగ్యులేటర్ గన్ పిడి దగ్గర ఉండాలి, అంకె ట్రిగ్గర్ నొక్కి ఉంచి చదవాలి. వదిలేసి చదివితే ఆ అంకెకి అర్థం లేదు. హెచ్‌వీఎల్‌పీకి పిడి దగ్గర 26 నుంచి 30 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, గన్‌తో వచ్చిన కాగితం, రంగు డబ్బా మీది సూచన చూసి సర్దుకోండి. కొట్టే ప్రతి వరస ముందు వరసని సగం కప్పాలి, క్లియర్‌కి ముప్పాతిక. మే నెల ఎండలో ఫాస్ట్ థిన్నర్ వాడితే తుంపర దారిలోనే ఆరి, గరుకుగా పడుతుంది. స్లో థిన్నర్ కొనండి. రంగు గట్టిపడేందుకు కలిపే హార్డనర్ డబ్బా మూత గట్టిగా వెయ్యండి, అది గాలిలో తేమని పట్టుకుని చెడిపోతుంది.

పని అవ్వగానే కడగడం తప్పదు. టూకే, అంటే హార్డనర్ కలిపిన రంగు, గంటల్లో రాయవుతుంది. గన్‌ని నిలువునా థిన్నర్‌లో ముంచొద్దు, ప్యాకింగులు ఎండిపోతాయి, మురికి గాలి దారుల్లోకి పోతుంది. ముందు నీడిల్ తీసి తర్వాత నాజిల్ విప్పండి, బిగించేటప్పుడు నాజిల్ ముందు, నీడిల్ తర్వాత. రంధ్రాల్లో ఇనుప తీగ, పిన్నీసు పెట్టనే వద్దు. ఒక్క గీత పడ్డా ఫ్యాన్ చెడుతుంది. నైలాన్ బ్రష్, పుల్లలు చాలు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ గన్‌కి తగలనివ్వకండి, అల్యూమినియంతో అది ప్రమాదకరంగా చర్య జరుపుతుంది.

పిల్లలూ, ఈ మాట మాత్రం తప్పక వినాలి. టూకే హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. దాని తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పట్టిందంటే తర్వాత కొద్దిపాటి దానికే ఊపిరి ఆడదు. ముక్కుకి కట్టుకున్న రుమాలు దాన్ని ఆపలేదు. రసాయన ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జి, దాని ముందు దుమ్ము ఫిల్టర్ ఉన్న మాస్కు ఇద్దరికీ చెరొకటి, ముఖానికి అతుక్కునేది కొనండి. గడ్డం ఉంటే అతుక్కోదు. క్యాట్రిడ్జి పెట్టె మీద రాసిన గడువుకే మార్చండి, వాసన వచ్చేదాకా ఆగొద్దు. ఐసోసయనేట్ ముక్కుకి తెలిసేలోపే పరిమితి దాటిపోతుంది. బయటి నుంచి శుభ్రమైన గాలి తెచ్చే మాస్కు ఇంకా మంచిది, అయితే దానికి రంగు కంప్రెసర్ గాలి కలపొద్దు.

ఆదివారం లోపు కంప్రెసర్ నేమ్‌ప్లేటు ఫొటో, ట్యాంకు లీటర్లు, పైపు పొడవు, లోపలి వ్యాసం నాకు పంపండి. వాటిని చూసి ఆ మూడు గన్‌లలో ఏది, ఏ నాజిల్‌తో అని రాస్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న