తవ్వకుండా వేసే గొట్టం

విశాఖపట్నం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రోడ్డు తవ్వకుండానే భూమిలోని మురుగు గొట్టం బాగుచేయవచ్చంటే మీరిద్దరూ నవ్వారట, అమ్మ చెప్పింది. ఎలాగో రాస్తున్నాను, చదివాక నవ్వండి.

ముందుగా గొట్టం ఎందుకు చెడుతుందో చూడండి. నీళ్లు పారే అడుగు ముందు అరుగుతుందనుకుంటాం. కాంక్రీటు గొట్టంలో తరచు పైకప్పు ముందు పోతుంది. మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పైన తడిలో ఉండే బాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది కాంక్రీటును మెల్లగా తినేస్తుంది.

ఇక తవ్వుదామంటే, వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ సందులు గుర్తు తెచ్చుకోండి. పక్కనే ఇళ్ల పునాదులు, కింద మంచినీటి పైపులు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత మన ఊళ్లో చాలాచోట్ల కరెంటు తీగలు కూడా భూమి కిందికే వెళ్లాయి.

ఈ చిక్కుకు 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు ఒక దారి చూపాడు. పాత గొట్టం లోపలే కొత్తది తయారుచేయడం! మందమైన ఫెల్టు గుడ్డ గొట్టాన్ని రెసిన్‌లో, అంటే తర్వాత గట్టిపడే జిగురులాంటి ద్రవంలో, నానబెడతారు. దాని అంచును మ్యాన్‌హోల్ దగ్గర బిగించి, నీటి ఒత్తిడితోనో గాలి ఒత్తిడితోనో లోపలికి తోస్తారు. దిండు గలీబును తిరగేసినట్టు అది తిరగబడుతూ ముందుకు పోతుంది. రెసిన్ తడి ఉన్న వైపు పాత గొట్టానికి అతుక్కుంటుంది, నున్నని పూత ఉన్న వైపు లోపలికి వస్తుంది. తర్వాత వేడినీళ్లో ఆవిరో పంపితే రెసిన్ గట్టిపడుతుంది. కొన్ని రకాలకు అతినీలలోహిత కాంతి చాలు. గొట్టం లోపలి వెడల్పు కాస్త తగ్గినా, నునుపు వల్ల నీరు బాగానే పారుతుంది.

వినడానికి సులువే. కానీ వేడికి గట్టిపడే రెసిన్ దారిలోనే గట్టిపడితే? మన మే నెల ఎండలో ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకే గుడ్డను చల్లని వాహనంలో తెచ్చి ఆలస్యం చేయకుండా దింపాలి. దానికి ముందు గొట్టంలోని పూడికను నీటి ధారతో కడగాలి, కెమెరా పంపి చూడాలి, పైనుంచి వచ్చే మురుగును పంపులతో పక్కకు మళ్లించాలి. పగుళ్లలోంచి భూగర్భజలం జోరుగా ఊరుతుంటే దాన్నీ ముందే ఆపాలి, లేదంటే రెసిన్ కొట్టుకుపోతుంది. నన్నడిగితే అసలు పనితనం ఈ ముందు పనుల్లోనే ఉంది. వీటిని తొందరగా ముగించే గుత్తేదారును నేను నమ్మను.

ఇప్పుడు తమాషా భాగం. కొత్త గొట్టం పొడుగునా పరుచుకునేసరికి ఇళ్ల నుంచి వచ్చే గొట్టాల నోళ్లన్నీ మూసుకుపోతాయి! చిన్న రోబోను పంపి, కెమెరాలో చూస్తూ, ఒక్కొక్క నోరూ కోసి తెరవాలి. ఒకటి మరిచిపోతే ఆ ఇంటివాళ్లకు మరునాడే తెలుస్తుంది.

పూర్తిగా కూలిపోయిన గొట్టానికి ఇది పనికిరాదు, అక్కడ తవ్వాల్సిందే. ఇంకొకటి: కొన్ని రెసిన్లలో ఉండే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఘాటుగా ఉంటుంది, పీల్చడం మంచిది కాదు. ఎక్కడైనా ఈ పని కనబడితే దూరం నుంచే చూడండి. రోబోను చూడాలని మ్యాన్‌హోల్ దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మీ
తాతయ్య