ఎవరూ ఊహించలేదంటే ట్విస్టు పండినట్టేనా? కొరియన్ థ్రిల్లర్లపై అపోహలు, వాస్తవాలు

కథా చర్చ ఏదైనా సరే, గంట తిరక్కుండా ఎవరో ఒకరు కొరియన్ థ్రిల్లర్ పేరెత్తుతారు. వెంటనే రెండు మాటలు వస్తాయి. "ఆ ట్విస్టు ఎవడూ ఊహించలేడండీ, స్క్రీన్‌ప్లే అంటే అదీ" అని ఒకరంటారు. "అంతా బాగుంది కానీ లాజిక్కే లేదు" అని ఇంకొకరంటారు. రెండో మాట చాలాసార్లు ఏ పాపం ఎరగని సీను మీద పడుతుంది. మొదటి మాటను నమ్మి స్క్రిప్టు రాసుకున్నవాళ్ల నష్టం అంతకంటే పెద్దది. నెలల కష్టం ఆఖరి రీలులో కూలిపోతుంది. అందుకే ఎక్కువ భాగం దాని గురించే. 'ద ఛేజర్', 'ఓల్డ్‌బాయ్' ఇంకా చూడనివాళ్లు చూశాక చదవండి. ముడి విప్పకుండా ఈ సంగతులు చెప్పడం కుదరదు.

అపోహ: ఎవరూ ఊహించలేకపోతే ట్విస్టు పండినట్టే.

వాస్తవం: ఊహకు అందకుండా చేయడంలో గొప్పేమీ లేదు. రెండు సీన్లలో టీ కప్పు అందించి వెళ్లిన మనిషిని క్లైమాక్సులో హంతకుడంటే ఎవరూ ఊహించరు, ఎవరూ ఒప్పుకోరు కూడా. ప్రేక్షకుడు "అరె, కళ్లముందే ఉందిగా" అనుకోవాలి. "ఓహో, అలాగా" అన్నాడంటే ఆట అయిపోయింది. సమాచారాన్నే దాచేస్తే అది మోసం. సమాచారం చూపించి దాని అర్థాన్ని దాచడమే మన పని.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. సియోల్‌లో ఓ అపార్ట్‌మెంట్. భార్య హత్యకు గురైంది. చంపింది భర్తే అని చివర్లో తేలాలి. కొరియాలో దాదాపు అందరూ వాడే మెసేజింగ్ యాప్ కాకావోటాక్. అందులో మనం పంపిన మెసేజ్ పక్కన చిన్న '1' అంకె ఉంటుంది. అవతలివాళ్లు తెరవగానే అది మాయమవుతుంది. భర్త పోలీసులకు చెప్పేది ఇదీ: "10:52కి కింద పార్కింగ్‌లోంచి మెసేజ్ పెట్టాను. తను చూడలేదు. పైకి వెళ్లేసరికి పడి ఉంది." ఏడుస్తూ ఫోన్ తిప్పి డిటెక్టివ్‌కు చూపిస్తాడు. ఆ స్క్రీను మీద మెసేజ్ ఉంది, పక్కన '1' లేదు. పోస్టుమార్టం ప్రకారం ఆమె ప్రాణం పోయింది 9 గంటల ప్రాంతంలో. మరి చనిపోయిన మనిషి ఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిందెవరు? ఇంట్లో ఉన్నది భర్త ఒక్కడే. సాయంత్రం జరిగిన గొడవ తాలూకు మెసేజ్‌లు ఆమె ఫోన్‌లోంచి చెరిపెయ్యాలని చాట్ తెరిచాడు. అక్కడ దొరికిపోయాడు. ట్విస్టు అతని అవసరంలోంచి పుట్టింది, రచయిత అవసరంలోంచి కాదు.

ఇది ఎక్కడెక్కడ చెడుతుందో కూడా చూడండి. '1' సంగతి కొరియా ప్రేక్షకుడికి తెలుసు, మనవాళ్లకు తెలియదు. క్లైమాక్సులో డిటెక్టివ్ వివరిస్తే అది పాఠం అవుతుంది. మొదటి అరగంటలోనే డిటెక్టివ్ కూతురు తండ్రితో "'1' పోయింది కదా నాన్నా, చూసి కూడా జవాబివ్వవేం?" అని అలగాలి. నియమం ఒక సీనులో, ఉల్లంఘన ఇంకో సీనులో. ఆ స్క్రీనుకు విడిగా క్లోజప్ వేస్తే చురుకైనవాడు అక్కడే పట్టేస్తాడు. అదే ఫ్రేములో అతని ఏడుపు వినిపిస్తుంటే చూపు మొహం మీదికి పోతుంది. ఫోన్ పాస్‌కోడ్ భర్తకు తెలుసని ముందే ఒక్క మాట పడాలి. ఇంకో బొక్క ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు: కాకావోటాక్ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ చాట్ తెరిచి ఉంటే అక్కడ కూడా '1' పోతుంది, డిఫెన్స్ లాయరు కేసు గెలుస్తాడు. ల్యాప్‌టాప్ రిపేరు షాపులో ఉందని ఒక బిల్లు చూపిస్తే చాలు. ఇక 9 గంటలకు లిఫ్టు సీసీటీవీలో పడకుండా పైకెలా వెళ్లాడు? 10:50కి మళ్లీ పార్కింగ్‌లోకి వచ్చినట్టు కారు కెమెరాలో ఎలా రికార్డయింది? కొరియాలో డాష్‌క్యామ్ లేని కారు అరుదు. పక్క కారు కెమెరాలో పడినా చాలు, కథ పోయినట్టే.

వన్‌లైన్ ఆర్డర్ (సీన్ల వరుస) పూర్తయ్యాక, డైలాగులకు వెళ్లకముందు మూడు గళ్ల కాగితం వేసుకోండి. మొదటి గడిలో విలన్ ఆ గంటలో నిజంగా ఏం చేస్తున్నాడో, రెండో గడిలో ప్రేక్షకుడికి ఏం కనిపించిందో, మూడో గడిలో హీరోకి ఏం తెలిసిందో సీను వారీగా నింపండి. మొదటి గడి ఖాళీగా ఉన్న ప్రతిచోటా బొక్క ఉన్నట్టే. విలన్ ఒంటరిగా ఉన్న సీన్లను విడిగా గుర్తు పెట్టండి. చుట్టూ ఎవరూ లేనప్పుడు కూడా అమాయకుడిలా కన్నీళ్లు పెట్టుకుంటే, ఆ నటన ఎవరి కోసం? ప్రేక్షకుడి కోసమే. అది మోసం. చివరి ఫ్లాష్‌బ్యాక్‌ను షాట్ల వారీగా రాసి, అందులో ముందే వేరే కోణంలో చూపించినవెన్నో లెక్కపెట్టండి. అన్నీ కొత్త షాట్లే అయితే మీరు ముడి విప్పలేదు, ఇంకో కథ మొదలుపెట్టారు. రెండు గంటల సినిమాకు రెండు మూడు ఆధారాలు సరిపోతాయి. చివరిది 80, 90 నిమిషాల లోపే పడాలి. ఆ తర్వాత పడితే క్లైమాక్సు కోసం సర్దినట్టు తెలిసిపోతుంది.

అపోహ: 'ద ఛేజర్'లో నేరం ఒప్పుకున్నవాణ్ని పోలీసులు వదిలేయడం పెద్ద లాజిక్ లోపం.

వాస్తవం: 2008లో వచ్చిన ఈ సినిమా గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, నిజానికి ఇది లోపమే కాదు. నిందితుడికి వ్యతిరేకంగా ఒప్పుకోలు ఒక్కటే సాక్ష్యమైతే దాంతో శిక్ష వేయకూడదని కొరియా క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 310వ అధికరణం చెబుతుంది. రాజ్యాంగం 12వ అధికరణంలోనూ ఈ రక్షణ ఉంది. వారంటు లేకుండా అత్యవసరంగా అరెస్టు చేస్తే 48 గంటల్లోపు డిటెన్షన్ వారంటుకు (నిర్బంధంలో ఉంచే ఉత్తర్వుకు) దరఖాస్తు చేయాలి, లేదా వదిలెయ్యాలి. వారంటు అడిగే అధికారం ప్రాసిక్యూటర్‌ది, స్టేషన్ ఆఫీసరుది కాదు. శవాలు దొరకలేదు, గడియారం పరుగెడుతోంది. సినిమా ఉత్కంఠ అంతా ఆ చట్టం మీదే నిలబడింది.

ఆ సినిమాలో నిజంగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. తప్పించుకున్న బాధితురాలు దాక్కున్న చిన్న కొట్టుకే హంతకుడు రావడం. అది యాదృచ్ఛికమే. కానీ ఆ యాదృచ్ఛికం ఆమెను ఇరికించింది, కాపాడలేదు. పాత్రను చిక్కుల్లో పడేసే కాకతాళీయాన్ని ప్రేక్షకుడు భరిస్తాడు, బయట పడేసేదాన్ని భరించడు. పైగా ఆ కొట్టు అదే పేటలోది, హంతకుడి ఇల్లూ అక్కడే. అయినా మింగుడుపడలేదని ఎవరైనా అంటే వాళ్లతో వాదించను.

అపోహ: 'ఓల్డ్‌బాయ్'లో హిప్నాటిజం నమ్మశక్యం కాదు కాబట్టి ట్విస్టు చెల్లదు.

వాస్తవం: హిప్నాటిజంతో ఇద్దరి మధ్య ప్రేమ పుట్టించడం బయట ప్రపంచంలో జరిగే పని కాదు, ఆ మాట నిజమే. 2003 నాటి ఆ కథలో బలహీనమైన లంకె అదే. కానీ బంధించిన హీరోను బయటికి వదలకముందే హిప్నాటిస్టు అతని గదిలోకి రావడం మనం చూశాం. ముందే చూపించిన అసంభవం ఆ కథాలోకపు నియమం అవుతుంది. అదే మనిషి మొదటిసారి క్లైమాక్సులో దిగి ఉంటే జనం నవ్వేవాళ్లు.

అపోహ: అక్కడ పండింది కాబట్టి ఇక్కడా పండుతుంది.

వాస్తవం: రీమేకుల్లో బొక్కలు ఎక్కువగా పడేది చట్టాల దగ్గర. హంతకుడు కేసు నడిపే కాలపరిమితి దాటగానే బయటికొచ్చి నవ్వే కథలు కొరియాలో ఎందుకు పుట్టాయంటే, అక్కడ హత్యకు ఒకప్పుడు 15 ఏళ్ల పరిమితి ఉండేది. 2007లో దాన్ని 25కు పెంచారు, 2015లో ఎత్తేశారు. కొరియాలోని హ్వాసంగ్‌లో జరిగిన వరుస హత్యల్లో చివరిది 1991లో జరిగింది, పరిమితి 2006తో తీరిపోయింది. 2019లో డీఎన్ఏతో నేరస్థుడు తేలినా ఆ హత్యలకు విచారణ జరపలేకపోయారు. మన దగ్గర 3 ఏళ్లకు మించి శిక్ష పడే నేరాలకు ఇలాంటి పరిమితే లేదు. ఆ ట్విస్టును హైదరాబాదులో పెడితే మొదటి సీనులోనే చచ్చిపోతుంది.

మనిషి మార్పిడి ట్విస్టు, అంటే ఒకరి శవాన్ని ఇంకొకరిదని నమ్మించడం, దీనికి సరిగ్గా తలకిందులు. కొరియాలో 17 ఏళ్లు నిండిన పౌరులంతా గుర్తింపు కార్డు కోసం పది వేళ్ల ముద్రలు ఇస్తారు, అవి పోలీసులకు అందుబాటులో ఉంటాయి. అక్కడ గుర్తు తెలియని శవం అనాలంటే వేళ్లు కాలిపోవాలి, లేదా మైనరో విదేశీయుడో అయి ఉండాలి. మన ఆధార్ వేలిముద్రలు మామూలు హత్య కేసు దర్యాప్తుకు దొరకవు. అక్కడ నిలబడని ట్విస్టు ఇక్కడ నిలబడుతుంది.

ఇంటర్వెల్ బాధ ఒకటి. అక్కడి సినిమా ఏకబిగిన నడుస్తుంది. దాని 95వ నిమిషపు ముడిని లాక్కొచ్చి ఇంటర్వెల్ బ్యాంగ్‌కు వాడితే సెకండాఫ్‌లో విప్పడానికి ఏమీ మిగలదు.

అపోహ: విలన్ తుపాకీ వాడకుండా కత్తీ సుత్తీ పట్టుకోవడం స్టైల్ కోసం.

వాస్తవం: కాదు. కొరియాలో సామాన్యుడికి తుపాకీ దొరకడమే గగనం. వేట తుపాకీ లైసెన్సు ఉన్నా దాన్ని పోలీసుల దగ్గరే ఉంచాలి.

అపోహ: ఒక్కడు ముందే ఊహించినా ఆధారాలు తీసేయాలి.

వాస్తవం: ఈ భయంతో మంచి స్క్రిప్టులు పాడవుతున్నాయి. భయం సహజమే, ఇన్నాళ్లు దాచుకున్న ముడిని ఎవరో ఇంటర్వెల్లోనే విప్పేస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కానీ చదివినవాణ్ని "ఎవరు?" అని ఒక్కటే అడిగి ఊరుకోకండి, "ఎందుకనుకున్నావు?" అని కూడా అడగండి. "పేరున్న నటుడికి చిన్న వేషం ఇచ్చారు కదా" అంటే అది కాస్టింగ్ సమస్య, స్క్రిప్టు ముట్టుకోవద్దు. మీరు నాటిన ఆధారమే చెప్పాడా? పదిమందిలో ఒకరిద్దరైతే వదిలెయ్యండి. సగం మంది అదే చెబితే ఆధారాన్ని తీసెయ్యకుండా అదే సీనులో దానికంటే పెద్ద గొడవ ఇంకోటి పెట్టి, కొత్త మనుషులతో మళ్లీ చదివించండి.