రోజూ ఐదు నిమిషాలతో ఏమవుతుంది మేడమ్? అలవాట్ల మీద అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము పట్టేసినవాళ్లు, భుజం బిగుసుకుపోయినవాళ్లు, పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయినవాళ్లు. క్లినిక్‌లో నేను చేయించేది వారానికి రెండుసార్లో మూడుసార్లో, అదీ అరగంట. మిగతాదంతా ఇంట్లో జరగాలి. నేర్పిన వ్యాయామం రాక ఆగిపోయేవాళ్లు చాలా తక్కువ. చేసి చూపించమంటే చక్కగా చూపిస్తారు, రోజూ చేయడం దగ్గరే ఆగిపోతారు. అప్పుడు వెంట వచ్చిన కొడుకో కోడలో "అంతా బద్ధకం మేడమ్, ఎంత చెప్పినా వినడు" అంటారు, పాపం ఆ పెద్దాయన తల దించుకుని కూర్చుంటాడు.

ఆ మాట నాకు అస్సలు నచ్చదు. తెల్లారకముందే లేచి బత్తాయి తోటకు పోయే మనిషికి బద్ధకం ఎక్కడిది? మనం చెప్పిన పని ఆయన రోజులో ఎక్కడా ఇమడలేదు, అంతే. ఎక్కడ ఇమడలేదో కనుక్కోవడం నా పనిలో పెద్ద భాగం. అందుకే రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: 21 రోజులు గట్టిగా చేస్తే చాలు, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది

మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో తన అనుభవం ఒకటి రాశాడు. ఆపరేషన్ అయ్యాక పేషెంట్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి తక్కువలో తక్కువ 21 రోజులు పడుతోందని. అది ముఖం సంగతి, పైగా "తక్కువలో తక్కువ" అన్నాడు. అవన్నీ పోయి 21 ఒక్కటే మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చింది.

అలవాటు ఎన్నాళ్లకు పడుతుందో లెక్కపెట్టి చూసినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమెతో పనిచేసినవాళ్లు 96 మందిని తీసుకుని 12 వారాలు గమనించారు. ఒక్కొక్కరు ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేయాలి. మధ్యాహ్నం అన్నంతో పాటు ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం, అలాంటివి. ఆలోచించకుండానే చేసేసే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు పట్టింది, కొందరికి పరిశోధకుల అంచనా ప్రకారం 254 రోజులు పట్టేలా ఉంది. మధ్యలో నిలిచిన అంకె 66. నీళ్లు తాగడం లాంటివి త్వరగా పట్టుబడ్డాయి, వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది.

ఈ అంకెలు ఎందుకు చెబుతున్నానంటే, మూడు వారాలు నిజాయితీగా చేసినవాళ్లు నాలుగో వారంలో మానేస్తుంటారు. "ఇంకా బలవంతంగానే చేస్తున్నా మేడమ్, నాకు అలవాటయ్యే రకం కాదేమో" అంటారు. అప్పటికి వాళ్లు దారిలోనే ఉన్నారు, సగం దూరం కూడా రాలేదేమో. ఆ 21 అనే అంకె తెలియకపోయి ఉంటే ఇంకో రెండు నెలలు చేసేవాళ్లు.

అపోహ: చేస్తే గంట చేయాలి, ఐదు నిమిషాలు చేసినా చేయకపోయినా ఒకటే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే.

బ్లౌజులు కుట్టే ఒకావిడ భుజం బిగుసుకుపోయి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య మామూలు కంటే ఎక్కువ, ఆవిడకూ షుగర్ ఉంది. జడ వేసుకోలేదు, పై అరలోంచి డబ్బా తీయలేదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలలేదు. ఇంతకుముందు ఎవరో ఆమెకు ఎనిమిది రకాల వ్యాయామాలు బొమ్మలతో ఉన్న కాగితం ఇచ్చారు, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. రెండు రోజులు చేసి ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టింది. పెళ్లిళ్ల సీజన్లో కుట్టు పని మీద ఉన్న మనిషికి రోజుకు గంట ఎక్కడినుంచి వస్తుంది?

ఆమెకు ఒక్కటే చెప్పాను. వంటింట్లో స్టవ్ పక్క గోడ ఖాళీగా ఉందా అని అడిగితే ఉందంది. కుక్కర్ పెట్టాక మొదటి విజిల్ వచ్చేదాకా ఆ గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను చీమ పాకినట్టు మెల్లగా పైకి పాకించాలి. ఓర్చుకోగలిగినంత వరకు వెళ్లి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ మెల్లగా దించాలి. ఐదారుసార్లు. విజిల్ వస్తే ఆపేయొచ్చు. వారానికోసారి వేళ్లు ఎక్కడిదాకా చేరాయో పెన్సిల్‌తో చిన్న గీత గీయాలి. మొదటి గీత ఆమె గడ్డం ఎత్తులో ఉంది. రెండో వారం గీత దాదాపు అక్కడే, వేలెడు కూడా పెరగలేదు, ఫోన్ చేసి బాధపడింది కూడా. తర్వాత గీతలు కొద్దికొద్దిగా పైకి వెళ్లాయి, ఒక వారం కిందికి కూడా వచ్చింది. కొన్ని నెలలు పట్టింది కానీ చెయ్యి తల వెనక్కి వెళ్లింది.

ఇందులో వైద్యం పరంగా కూడా ఒక కారణం ఉంది. నొప్పి ఎక్కువగా ఉన్న దశలో ఆ భుజాన్ని ఒకేసారి బలవంతంగా సాగదీస్తే ఇంకా మంట పుడుతుంది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు కదిలిస్తేనే దానికి మంచిది. నడక విషయంలోనూ అంతే. ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఆ షరతు తీసేసింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మంచిది, అది చిన్న చిన్న ముక్కలుగా వచ్చినా లెక్కే, అసలు లేనిదాని కంటే కొంచెమైనా మేలే అని చెప్పింది.

పది వేల అడుగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ అంకె 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ ఒకటి అమ్మడానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు నడిచేవాళ్లలోనే, 2,700 నడిచేవాళ్లతో పోలిస్తే, మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. కాబట్టి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఎవరో పది రౌండ్లు వేస్తున్నారని చూసి మీరు రెండు రౌండ్లకే సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి.

అపోహ: పట్టుదల ఉన్నవాళ్లకే అలవాట్లు పడతాయి

పట్టుదల మొదటి వారానికి పనికొస్తుంది. ఆ తర్వాత మోసేది సందర్భం. ఒకే చోట, ఒకే పని తర్వాత మళ్లీ మళ్లీ చేస్తే మెదడు ఆ రెండింటినీ కలిపేసుకుంటుంది, మొదటిది జరగగానే రెండోది గుర్తొస్తుంది. పీటర్ గోల్విట్సర్ అనే జర్మన్ సైకాలజిస్టు దీని మీద చాలా ఏళ్లు పనిచేశాడు. "వ్యాయామం చేస్తా" అనుకున్నవాళ్ల కంటే "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తా" అని ముందే తేల్చుకున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు. 2006లో ఇలాంటి 94 పరిశోధనలను కలిపి చూస్తే కూడా తేడా స్పష్టంగా కనిపించింది.

అందుకే "పొద్దున చేస్తా", "టైమ్ దొరికితే చేస్తా" అంటే నేను ఒప్పుకోను. పొద్దున అంటే ఎప్పుడు? "స్టవ్ మీద చాయ్ గిన్నె పెట్టగానే గట్టు పట్టుకుని మడమలు పదిసార్లు పైకి లేపుతా" అనాలి. "వాకిట్లో సాన్పి చల్లి లోపలికి రాగానే మంచం మీద కూర్చుని మోకాలు పదిసార్లు చాపుతా" అనాలి. ఏది జరగ్గానే, ఎక్కడ, ఎన్నిసార్లు, ఈ మూడూ ఉండాలి. ఆ మాట నా ముందే బయటికి అనిపిస్తాను.

ఏ సందర్భానికి కట్టాలన్నది జాగ్రత్తగా చూసుకోండి. "పిల్లలను స్కూల్ బస్సెక్కించి రాగానే" అని కట్టుకున్నవాళ్లది దసరా సెలవులు రాగానే తెగిపోతుంది, ఎండాకాలం సెలవులకైతే పూర్తిగా పోతుంది. మోటార్ వేసి రాగానే అనుకున్న రైతుకు వానాకాలంలో మోటార్ వేసే పనే పడని రోజులుంటాయి. ఏడాది పొడవునా, ఆదివారం కూడా, జ్వరం వచ్చినా జరిగే పనికి కట్టండి. పళ్లు తోముకోవడం, చాయ్, రాత్రి మాత్ర వేసుకోవడం, ఇలాంటివి. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకైతే ఆ మాత్రే మంచి గుర్తు.

అపోహ: ఒక్క రోజు తప్పిందంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే

కాదు. లాలీ వాళ్ల పరిశోధనలోనే ఒక రోజు తప్పినా అలవాటు పడే తీరులో పెద్ద తేడా రాలేదు. మన దగ్గర రోజులు తప్పకుండా ఎలా ఉంటాయి? అమావాస్యకు చెర్వుగట్టు గుడికి పోతారు, చుట్టాలింట్లో పెళ్లి ఉంటుంది, పత్తి ఏరే రోజుల్లో పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇల్లు చేరతారు. తప్పిన రోజుతో వచ్చే నష్టం చాలా చిన్నది. "ఎట్లాగూ తప్పింది కదా, వచ్చే సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడదాం" అనుకుని వదిలేసే వారం రోజులతోనే అసలు నష్టం.

దీనికి నేను అందరికీ రెండు కొలతలు ఇస్తాను. మామూలు రోజు కొలత ఒకటి, కష్టమైన రోజు కొలత ఒకటి. మామూలు రోజు మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని పదిసార్లు నొక్కి పట్టాలి. కష్టమైన రోజు రెండుసార్లు చాలు, పడుకునే ముందు మంచం మీదే. రెండుసార్లు నొక్కితే కండరానికి ఒరిగేది తక్కువే, కానీ మర్నాడు మళ్లీ మొదలుపెట్టడం సులువు. గోడ మీద క్యాలెండర్‌లో పాల లెక్క రాస్తారు కదా, ఆ పక్కనే ఒక టిక్కు పెట్టమంటాను. రెండుసార్లు చేసిన రోజుకూ అదే టిక్కు.

అపోహ: ఊపు వచ్చింది కదా, ఇప్పుడే పెంచేయాలి

రెండు వారాలు బాగా సాగితే చాలామంది పది కాస్తా యాభై చేస్తారు. మర్నాడు మోకాలు వాస్తుంది, వారం మంచమెక్కుతారు, అలవాటు అక్కడితో సరి. ఊపు మంచిదే, దాన్ని కాపాడుకోవాలి. గుర్తు చేయకుండానే చేస్తున్నారంటే అప్పుడు పెంచండి, పదికి మరో రెండు మూడు. చేసిన మర్నాటికి కూడా నొప్పి గానీ వాపు గానీ తగ్గకపోతే వెనక్కి తగ్గండి. ఆపరేషన్ అయినవాళ్లు, గుండె సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా సొంతంగా పెంచొద్దు.

అపోహ: నొప్పి తగ్గింది, ఇక అక్కర్లేదు

నొప్పి తగ్గింది తొడ కండరం బలపడి మోకాలికి ఆసరా ఇవ్వడం వల్ల. మానేస్తే ఆ ఆసరా పోతుంది. నొప్పి ఉన్నప్పుడు నొప్పే గుర్తు చేస్తుంది, తగ్గాక గుర్తు చేసేది ఉండదు. అందుకే నొప్పి ఉండగానే చాయ్‌కో మాత్రకో కట్టేసుకోమంటాను.

అపోహ: ఈ వయసులో, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంటితో ఇంకేం అలవాట్లు

మన జిల్లాలో ఈ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే సగం నిజమే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయిన అవ్వలు, తాతలు ఇప్పటికీ ఉన్నారు. ఎముకలో వచ్చిన ఆ మార్పును ఏ వ్యాయామమూ వెనక్కి తేలేదు, ఎవరైనా తెస్తామంటే నమ్మకండి. కానీ కండరం సంగతి వేరు. 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న వృద్ధులతో 8 వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయిస్తే, కాళ్ల బలం సగటున రెండింతలు దాటి పెరిగింది. మానేశాక మళ్లీ తగ్గడమూ చూశారు. మన అవ్వకు అంత బరువులు అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు, పక్కన ఒకరు ఉండగా. బాత్రూమ్‌కి ఎవరి సాయం లేకుండా వెళ్లగలగడం ఆ వయసులో చిన్న విషయం కాదు.

అపోహ: ఇంట్లోవాళ్లు వెంటపడి అడుగుతుంటేనే చేస్తారు

"చేశావా? చేశావా?" అని రోజూ అడిగితే అది అడిగేవాళ్ల పని అయిపోతుంది, వాళ్లు ఊరెళ్తే ఆగిపోతుంది. అంతకంటే వస్తువులు సర్దిపెట్టండి. తువ్వాలు చుట్టి రాత్రే దిండు పక్కన పెట్టండి. పక్షవాతం వచ్చిన చేతికి పని రావాలంటే రిమోట్‌ను ఆ చేతి వైపే పెట్టండి, అందుకోవడానికి ఆలస్యమైనా మీరు అందించొద్దు. లేవాల్సిన కుర్చీని గోడకు ఆనించి, జరగకుండా ఉంచండి.

ఇంకో మాట. వ్యాయామం చేయలేదని చెప్పడానికి మొహమాటపడి, రావాల్సిన తేదీకి దవాఖానకే రానివాళ్లు చాలామంది ఉన్నారు. నెల తర్వాత నొప్పి ఎక్కువై వస్తారు. దయచేసి అలా చేయకండి, చేయకపోయినా రండి. ఏ రోజు కుదరలేదో, ఆ టైమ్‌కి మీరు ఏ పనిలో ఉన్నారో చెప్తే చాలు, వేరే పనికి కట్టి చూద్దాం.