క్లూనీ మఠం చర్చి: అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు పాత ఊరు క్లూనీ. ఇక్కడి బెనెడిక్టైన్ (సెయింట్ బెనెడిక్ట్ నియమాలు పాటించే క్రైస్తవ సన్యాసుల) మఠం చర్చి పొడవు 187 మీటర్లు. రోమ్‌లో ఇప్పటి సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ లోకంలో దీన్ని మించిన చర్చి లేదు. నేడు మిగిలింది పదో వంతు కూడా కాదు.

అపోహ: ఫ్రెంచి విప్లవంలో మూకలు కూల్చేశాయి.

వాస్తవం: 1793లో దోపిడీ జరిగింది, మఠం పత్రాలు తగలబెట్టారు. కానీ చర్చి నిలబడే ఉంది. దాన్ని నేలమట్టం చేసింది అమ్మకం. 1790లో మఠాలను రద్దు చేశాక అది జాతీయ ఆస్తి అయింది. 1798లో దగ్గరి పట్టణం మకాన్ వ్యాపారులు కొనుక్కున్నారు. వాళ్ల కంటికి అది రాతి గని. ప్రధాన హాలును చీల్చి వీధి వేశారు, రాళ్లు ఊడదీసి అమ్మారు, పలుగుకు లొంగనిచోట మందు పెట్టి పేల్చారు. ఈ పని 1823 దాకా సాగింది. తూర్పు కొస ఉన్న చోట ప్రభుత్వ గుర్రపుశాల లేచింది, అదీ మఠం రాళ్లతోనే. ఆపాలనుకుంటే పాతికేళ్ల వ్యవధి ఉంది. అదే ఎక్కువ బాధ కలిగించే సంగతి.

అపోహ: మొనదేలిన కమాను ఉంటే అది గోతిక్ కట్టడమే.

వాస్తవం: క్లూనీలో మొనదేలిన కమానులున్నా, అది గోతిక్ శైలికి ముందటి రోమనెస్క్ శైలి కట్టడం. మఠాధిపతి హ్యూ 1088లో పని మొదలుపెట్టించాడు. గోతిక్‌కు నాంది అనే, పారిస్ దగ్గరి సాన్ దెనీ చర్చి తూర్పు భాగం 1140ల నాటిది. అర్ధవృత్తపు కమాను గోడను పక్కకు ఎక్కువ తోస్తుంది. మొనదేలినది బరువును కిందికి దించుతుంది. ఆ ధైర్యంతోనే కప్పును దాదాపు 30 మీటర్ల ఎత్తుకు లేపారు. అయినా 1125లో హాలు కప్పు కొంత కూలింది. బాగుచేశాక, 1130లో పోప్ రెండో ఇన్నోసెంట్ ప్రతిష్ఠ జరిపాడు.

అపోహ: భక్తుల కానుకలతోనే కట్టారు.

వాస్తవం: పెద్ద అండ స్పెయిన్ బంగారం. లియోన్ రాజు ఆరో అల్ఫోన్సో 1077లో తండ్రి ఇచ్చే వార్షిక కానుకను రెట్టింపు చేసి 2000 బంగారు నాణేలకు పెంచాడు. అది ముస్లిం రాజ్యాలు అతనికి కట్టిన కప్పం సొమ్ము.

అపోహ: చూడటానికేమీ లేదు.

వాస్తవం: ముందు పడమటి ద్వారం శిథిలాల దగ్గర నిలబడి, స్తంభాల మొదళ్లు గమనించి, అక్కడినుంచి ఎనిమిది పలకల గంటగోపురం వైపు నడవండి. చర్చి ఎంతదో కాళ్లకే తెలుస్తుంది. గోపురం కింద అడ్డహాలు (ప్రధాన హాలుకు అడ్డంగా ఉండే భాగం) దక్షిణ భుజం పూర్తి ఎత్తున నిలిచి ఉంది. తర్వాత 13వ శతాబ్దపు పిండి గిడ్డంగికి వెళ్లండి. ప్రధాన పీఠం చుట్టూ ఉండిన స్తంభాల శిరస్సులు అక్కడున్నాయి. వాటిలో రెండింటిపై చర్చి గానంలోని ఎనిమిది స్వర పద్ధతులను మనుషుల రూపంలో చెక్కారు. మూడో పద్ధతికి చెక్కిన మనిషి చేతిలో తీగవాద్యం ఉంటుంది. వాటి చుట్టూ తిరిగి నాలుగు వైపులా చూడాలి.