కార్డు జేబులో, డబ్బు క్యాష్ కౌంటర్లో: మా ఇన్సూరెన్స్ డెస్కు ముందు వినే అపోహలు

నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో పనిచేస్తాను. వారానికి ఒకరైనా వచ్చి ఇదే అడుగుతారు: "ముందు మనం కట్టేస్తే, తర్వాత ఆరోగ్యశ్రీ డబ్బులు వెనక్కి పడతాయంట గదా సార్?"

పడవు. ఎవరు చెప్పినా పడవు. పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది గానీ, ఈ పథకం నడిపే ట్రస్టు డబ్బిచ్చేది ఆసుపత్రికి, మీకు కాదు. అదీ ప్రీఆథ్ (చికిత్సకు ముందే ట్రస్టు ఇచ్చే అనుమతి) వచ్చిన కేసుకే, ప్రభుత్వం ముందే ఖరారు చేసిన ప్యాకేజీ రేటుకే. క్యాష్ పేషెంటుగా చేరి బిల్లు కట్టి వెళ్లిపోతే ట్రస్టు లెక్కలో మీరు అసలు లేరు.

పోయిన ఎండాకాలం ఉదయగిరి వైపు నుంచి ఒకాయన గుండెపోటొచ్చిన నాన్నను అర్ధరాత్రి తీసుకొచ్చాడు. ఆ టెన్షన్లో ఎవరికైనా బుర్ర పనిచేయదు, ఆయన్ను తప్పుపట్టను. క్యాష్‌లో చేర్చాడు, స్టెంటు వేశారు, భార్య గాజులు కుదువపెట్టి బిల్లు కట్టాడు. డిశ్చార్జి రోజు నా దగ్గరికొచ్చి, ప్లాస్టిక్ కవర్లో మడిచిన బియ్యం కార్డు, ఆరోగ్యశ్రీకి చూపించాల్సిందే, చొక్కా జేబులోంచి తీశాడు. అన్ని రోజులూ అది అక్కడే ఉంది! చేరేటప్పుడు అడగాల్సిన మావాళ్లూ అడగలేదు, అది మా తప్పు. నేను చేయగలిగిందల్లా సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తుకు బిల్లులు సర్దివ్వడమే.

లోపలికి రాగానే ఆరోగ్యమిత్ర, అంటే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే మనిషి, ఎక్కడున్నారో కనుక్కోండి. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అప్రూవల్ తీసుకుంటారు, కాగితాలు తర్వాత పంపొచ్చు. అప్రూవలైన కేసుకు "పైన కొంచెం ఇవ్వండి" అని ఎవరైనా అంటే 104కి ఫోన్ కొట్టండి.

"స్కీము ఎత్తేశారంట", ఇదొకటి. 2025 అక్టోబరులో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఎత్తేయలేదు. బిల్లులు ఆగితే ఆ దెబ్బ చివరికి పేషెంటుకే తగులుతుందన్నది మాత్రం నిజం.

ఇక సొంత పాలసీ ఉన్నవాళ్లకు క్యాష్‌లెస్ అంటే పైసా కట్టక్కర్లేదని ధీమా. 5 లక్షల పాలసీలో రూముకు 1 శాతం లిమిట్ ఉంటే రోజుకు 5 వేలే. మీరు 10 వేల రూములో చేరితే అద్దెతో ఆగదు, డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీల్లోనూ సగం కోస్తారు. మందులకు, ఇంప్లాంట్లకు ఆ కోత లేదు. మొన్న దర్గామిట్ట టీచరమ్మ ఒకామె చేరకముందే పాలసీ కాగితం నా బల్ల మీద పెట్టి, "ఏ రూము తీసుకోమంటావు అబ్బాయ్?" అంది. షేరింగ్ చాలమ్మా అన్నాను.